సీతాకోకచిలుకల కోసం పూలమొక్కలు: అపోహలు - వాస్తవాలు

"మేడ మీద ఇన్ని పూలు పూస్తున్నాయి, సీతాకోకచిలుకలు మాత్రం ఒకటో రెండో వచ్చి పోతున్నాయండీ." ఇళ్లలో తోటలు వేసే పనిలో నేను ఎక్కువగా వినే మాట ఇదే.

అపోహ: రంగురంగుల పూలుంటే చాలు.

వాస్తవం: సీతాకోకచిలుక పువ్వు దగ్గర తేనె తాగి వెళ్లిపోతుంది. మన పెరట్లోనే తిరుగుతుండాలంటే గుడ్లు పెట్టుకునే ఆకు కూడా కావాలి. ఏ ఆకు అన్నది సీతాకోకచిలుక జాతిని బట్టి మారుతుంది. లేతపసుపు రంగు ఎమిగ్రెంట్ అనే సీతాకోకచిలుకకు రేల, తంగేడు జాతి మొక్కలు. ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు. టెయిల్డ్ జేకి సీతాఫలం. లైమ్, కామన్ మార్మన్‌లకు నిమ్మ, కరివేపాకు.

అపోహ: ఆకు తినే పురుగు కనపడితే మందు కొట్టాలి. వేపనూనె అయితే ఫరవాలేదు.

వాస్తవం: ఆ పురుగే రేపటి సీతాకోకచిలుక! వేపనూనె కూడా దాన్ని చంపుతుంది. కరివేపాకు మీద పిట్ట రెట్టలా నల్లగా, తెల్ల మచ్చతో అంటుకుని ఉన్నదాన్ని విదిలించేయకండి, అది లైమ్ సీతాకోకచిలుక పిల్ల. నాలుగు సార్లు కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికొస్తాయి, ఘాటైన వాసన వేస్తుంది. బాగా ఎదిగాక నడుము చుట్టూ సన్నటి పట్టుదారంతో కొమ్మకు కట్టుకుని ప్యూపా (కదలకుండా గూడులా ఉండే దశ) అవుతుంది. ఓ పది రోజులకు సీతాకోకచిలుక, నలిగిన తడి రెక్కలతో బయటికొచ్చి వేలాడుతుంది. అది చూసిన పిల్లలు మళ్లీ ఆ మొక్క మీద మందు కొట్టనివ్వరు. కూరకు ఒక కరివేపాకు మొక్క, వీటికి ఒకటి పెట్టుకోండి. ఆకులన్నీ తినేసినా మోడు మళ్లీ చిగురిస్తుంది.

అపోహ: ఏ గొంగళిపురుగైనా దురద పెడుతుంది.

వాస్తవం: ఒంటినిండా నూగు ఉండి దురద పెట్టేవి ఎక్కువగా చిమ్మటల (మాత్‌ల) పిల్లలు. నిమ్మ, కరివేపాకు మీద కనిపించే ఈ నున్నటివి ఏమీ చేయవు.

అపోహ: పువ్వు ఎంత ముద్దగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: ముద్దబంతి కంటికి నిండుగా ఉంటుంది కానీ దాని రేకుల మధ్య తేనె అందదు. రేకబంతి, ఒంటివరస జినియా, నూరువరహాలు, పెంటాస్ వేయండి. ఎండ తగిలే చోటే వేయాలి, నీడలో పూసినా అవి రావు.

అపోహ: తాగడానికి గిన్నెలో నీళ్లు పెట్టాలి.

వాస్తవం: వాటికి కావలసింది తడిమట్టి. ముఖ్యంగా మగవి అందులోని లవణాలు పీల్చుకుంటాయి. పాత మూకుడులో మట్టి, ఇసుక పోసి రోజూ తడపండి. పక్కన గడ్డిచామంతి మొలిస్తే పీకకండి. ఆ చిన్న పూల మీద వాలే చిన్న సీతాకోకచిలుకలు చాలా ఉన్నాయి.