గాఢతకు ఎదురీదే పరమాణువులు

వ్యాపనం, అంటే డిఫ్యూజన్, ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి జరుగుతుందని బడిలో నేర్చుకుంటాం. అడాల్ఫ్ ఫిక్ 1855లో చెప్పిన ఆ నియమం నీళ్లలో ఉప్పుకు బాగానే సరిపోతుంది. ఘన లోహాల్లో మాత్రం ఆచితూచి వాడాలి. అసలు నడిపించేది రసాయన పొటెన్షియల్‌లోని, అంటే ఒక పరమాణువు చేరితే మిశ్రమం శక్తి ఎంత మారుతుందో చెప్పే కొలతలోని తేడా. చాలా మిశ్రమాల్లో అదీ గాఢతా ఒకే దిక్కున తగ్గుతాయి కాబట్టి తేడా బయటపడదు.

ముందు వేగం సంగతి. 1947లో స్మిగెల్స్కస్, కిర్కెండాల్ ఇత్తడి దిమ్మె మీద మాలిబ్డినం తీగలు పెట్టి, పైన రాగి పూత పూసి, 785 డిగ్రీల సెల్సియస్ దగ్గర రోజుల తరబడి ఉంచారు. తీగలు లోపలికి జరిగాయి. జింకు బయటికి పోయినంత వేగంగా రాగి లోపలికి రాలేదన్నమాట. ఇలాంటి అతుకుల్లో ఇత్తడి వైపు ఖాళీ స్థానాలు, అంటే పక్క పరమాణువు దూకడానికి వీలైన ఖాళీ చోట్లు, పోగుపడి సూక్ష్మరంధ్రాలవుతాయి, బలహీనత అక్కడే.

మరుసటి ఏడాది డార్కెన్ రాసిన సమీకరణంలో వ్యాపన గుణకం రెండు భాగాల లబ్ధం. పరమాణువుల చలనశీలత ఒకటి. అది ఎప్పుడూ ధనాత్మకమే. రెండోది ఉష్ణగతిక గుణకం. సొంత జాతి, ఎదుటి జాతి అన్న తేడా లేకుండా పరమాణువులు బంధాలు కట్టే ఆదర్శ మిశ్రమంలో అది 1. ఎదుటి జాతితో బంధం బలమైతే పెరుగుతుంది, సొంత జాతితో బలమైతే తగ్గుతుంది. ఈ రెండో రకంలో చెరిసగం మిశ్రమానికి లెక్క సులువు: సంధి ఉష్ణోగ్రతను (దానికి దిగువన మిశ్రమం రెండుగా విడిపోతుంది) ప్రస్తుత ఉష్ణోగ్రతతో భాగించి, 1లోంచి తీసేయాలి. సంధి ఉష్ణోగ్రత 722 కెల్విన్ అనుకుంటే, 1000 కెల్విన్ దగ్గర 0.28, 722 దగ్గర సున్నా, 600 దగ్గర మైనస్ 0.2. అంటే అక్కడ వ్యాపనం తేడాలను చెరపదు, పెంచుతుంది! దీన్నే స్పైనోడల్ విభజన అంటారు.

22 పరమాణు శాతం జింకు ఉన్న అల్యూమినియం ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. ఏకరూపంగా ఉండేంత వేడిచేసి, చటుక్కున చల్లార్చి, 65 డిగ్రీల దగ్గర ఉంచితే కొన్ని నానోమీటర్ల ఎడంతో జింకు పోగవుతుంది. అంత చల్లటి లోహంలోనూ పరమాణువులు కదలగలగడానికి కారణం, వేడిలో పుట్టి చల్లార్పులో చిక్కుబడిన ఖాళీ స్థానాలు. రేకు పలుచగా ఉండాలి. మందమైతే నెమ్మదిగా చల్లారి, విభజన దారిలోనే మొదలవుతుంది.

గుణకం రుణాత్మకమైతే అతి తక్కువ ఎడంలో ఉన్న తేడాలే అన్నిటికన్నా వేగంగా పెరగాలి కదా? గాఢత మరీ నిటారుగా మారితే ఆ వాలుకే అదనపు శక్తి ఖర్చవుతుందని 1961లో జాన్ కాన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అందుకే ఆ నానోమీటర్ల ఎడం. మిశ్రమం రెండుగా విడిపోగల సరిహద్దుకు లోపలే ఉన్నా, స్పైనోడల్ గీతకు (గుణకం సున్నా అయ్యే హద్దుకు) బయట ఉన్న మిశ్రమాల తీరు వేరు. అక్కడ గుణకం ఇంకా ధనాత్మకమే కాబట్టి చిన్న తేడాలు చెరిగిపోతాయి. తగినంత పెద్ద బీజకణం పుడితేనే విభజన సాగుతుంది.