వాపసు వచ్చిన ప్యాకెట్లు

కర్నూలులోనో అనంతపురంలోనో ఓ మోస్తరు కిరాణా కొట్టు ముందు కాసేపు నిలబడి చూడండి. మన తాతల నాడు పేదింటి తిండిగా ఉన్న కొర్ర ఇప్పుడు మురుకులై, బిస్కెట్లై రంగుల ప్యాకెట్లలో వేలాడుతుంటుంది. కిలో కొర్రబియ్యం ధర సన్నబియ్యాన్ని మించి ఉంటుంది. వీటిని చేసేవారిలో చాలామంది చిన్న వ్యాపారులే. మార్కెట్ సర్వే అన్న మాట వాళ్ల నోట వినపడదు. మరి ఏ వస్తువు ఎప్పుడు చేయాలో వాళ్లకు ఎలా తెలిసింది?

అసలు కొర్ర ఎలా పోయిందో ముందు చూడాలి. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వాన పడే అనంతపురంలో కొర్ర, జొన్న పండిన చేలను క్రమంగా వేరుశనగ కమ్మేసింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక సంగటి, రొట్టె తినే ఇళ్లలోనూ వరి అన్నం రోజూ ఉడికింది. దాంతో చిన్న వ్యాపారి చేతికి దండిగా దొరికే ముడిసరుకు బుడ్డలే, అంటే వేరుశనగలే అయ్యాయి. అందుకే కర్నూలు, ఆదోని, ప్రొద్దుటూరులలో నూనె మిల్లులు, వీధి వీధినా బెల్లం ఉండలు, పప్పుల పొడి. కొత్తది కనిపెట్టాల్సిన ఒత్తిడి అప్పట్లో లేదు. పైగా చిన్న పరిశ్రమలకే కేటాయించిన వస్తువుల జాబితా ఒకటి ఉండేది. 1967లో మొదలైన ఆ ఏర్పాటు కింద చివరిదాకా మిగిలిన ఇరవై వస్తువుల్లో పచ్చళ్లు, వేరుశనగ నూనె కూడా ఉన్నాయి. 2015 ఏప్రిల్‌లో ఆ ఇరవైనీ తీసేశారు.

నిజానికి నూనె మిల్లుకు దెబ్బ అంతకు చాలా ముందే తగిలింది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచారు. చవక నూనె వచ్చి పడ్డాక వేరుశనగ నూనె ధరలో పోటీపడలేకపోయింది. ధరతో గెలవలేమని తెలిసినవాళ్లు రుచి మీదా, ఆరోగ్యం మీదా పడ్డారు. ఎప్పుడో మూలనపడిన కట్టె గానుగ ఈ పది, పదిహేనేళ్లలో తిరిగి రోడ్డు మీదికి వచ్చింది ఆ లెక్కతోనే. గానుగ తిరుగుతుంటే ఎదుట నిలబడి నూనె పట్టించుకుని వెళ్లడం కొన్నవారికి ఒక భరోసా. ఆ భరోసాను సీసాలో నింపి బెంగళూరుకు పంపడం అంత సులువు కాదన్నది వేరే సంగతి.

ఇక సమాచారం వచ్చే దారులు. మొదటిది లైను బండి. వారానికోసారి కొట్లకు సరుకు వేసే మనిషి, అమ్ముడుపోని ప్యాకెట్లను వెనక్కి తెస్తాడు. ఏ ఊరి నుంచి ఏ సైజు తిరిగి వచ్చింది, మెత్తబడి వచ్చిందా, వాసన పట్టి వచ్చిందా అన్నది చూడగలిగితే అంతకు మించిన నివేదిక లేదు. కొట్టతని మాటను మాత్రం నేను సగమే నమ్ముతాను. తనకు ఎక్కువ మిగిలేదాన్నే అతను బాగా పోతోందంటాడు.

సజ్జపిండి సంగతే తీసుకుంటే, సజ్జలోని కొవ్వు వల్ల ఆ పిండి కొద్ది రోజులకే చేదెక్కుతుంది. ఇంట్లో ఆ పూటకు విసురుకున్నన్నాళ్లు అది సమస్య కాలేదు, ప్యాకెట్లో వేశాక అయింది. వేడి తగిలితే ఆ చేదు నెమ్మదిస్తుంది గనుక, వేయించి విసిరిన పిండి, జావ పొడి వంటివాటి వైపు వ్యాపారం మళ్లింది.

రెండో దారి ప్రభుత్వం. 2020 జనవరిలో రాష్ట్రంలో బడి భోజనంలోకి వేరుశనగ చిక్కీ వచ్చింది, 2023 మార్చిలో రాగి జావ చేరింది. పిల్లల నాలుకకు అలవాటైనది ఇంటికీ వస్తుందని పసిగట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం కూడా. నంద్యాల పరిశోధన కేంద్రం అప్పటికే సూర్యనంది వంటి కొర్ర రకాలను ఇచ్చి ఉంది కాబట్టి గింజకు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఆ ఏడాది అక్టోబరులోనే జీఎస్టీ మండలి, కనీసం 70 శాతం చిరుధాన్యం ఉన్న పిండి మిశ్రమాల ప్యాకెట్ల మీద పన్నును 18 నుంచి 5 శాతానికి దించింది. జావ పొడిలో పప్పులెన్ని, రాగులెన్ని అన్న వంటింటి లెక్కలోకి అలా పన్ను వచ్చి కూర్చుంది.

చిన్న ఆహార తయారీదారుల కోసం 2020లో వచ్చిన కేంద్ర పథకం యంత్రాలకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ ఇచ్చింది. మేలే. కానీ అందరూ ఒకే యంత్రం కొంటే అందరి దగ్గరా వచ్చేవి ఒకే మురుకులు.

తాజా మార్పు 2025 సెప్టెంబరుది. మురుకుల వంటి ప్యాకెట్ కారాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను నమోదు పరిధిలోకి రాని చిన్న తయారీదారుకు తగ్గించడానికి పన్నే లేదు, పెద్ద కంపెనీకి మాత్రం ఏడు శాతం వెసులుబాటు దొరికింది. ఆ వెసులుబాటును పది రూపాయల ప్యాకెట్లో నాలుగు గ్రాములుగా కలిపితే, దాని పక్కనే వేలాడే మన ఊరి ప్యాకెట్టు ఎన్ని గ్రాములు తూగాలి? లైను బండి తిరిగి వచ్చే సాయంత్రాల్లో ఇప్పుడు నడుస్తున్న లెక్క ఇదే.