కొరియాలో హంజా తగువు ఎక్కడిది?

2022 ఆగస్టులో సియోల్‌లోని ఒక కెఫే ఇంటర్నెట్‌లో క్షమాపణ చెప్పుకుంది. అందులో 'సిమ్‌సిమ్' అనే మాట వాడింది. చైనీస్ మూలమున్న ఆ మాటకు 'ప్రగాఢమైన' అని అర్థం. అలాగే పలికే దేశీయ మాట ఇంకొకటి ఉంది, దానికి 'బోరు కొడుతున్న' అని అర్థం. ఆ రెండోదే అనుకున్న కొందరు మండిపడ్డారు. దాంతో పాత తగువు మళ్లీ లేచింది: బడిలో హంజా, అంటే చైనీస్ అక్షరాలు, సరిగ్గా నేర్పకపోవడం వల్లే ఇలా అవుతోందని కొందరి వాదన.

అసలు కొరియా భాషకూ చైనీస్‌కూ చుట్టరికం లేదు. కొరియా భాషలో క్రియ మన తెలుగులో లాగే వాక్యం చివర వస్తుంది, ప్రత్యయాలు మాటల వెనక చేరతాయి. చైనీస్‌లో క్రియ ముందు, కర్మ తర్వాత. అయినా ఇరుగుపొరుగున రాత ఉన్నది చైనావాళ్ల దగ్గరే కాబట్టి కొరియా రాజ్యాలు దాన్నే తెచ్చుకున్నాయి. 414లో గ్వాంగేటో రాజు కోసం నిలిపిన పెద్ద శాసనం ఆ భాషలోనే ఉంది.

అంతకంటే నాకు ఆసక్తిగా అనిపించేది గ్యోంగ్జు దగ్గర 1934లో దొరికిన చిన్న రాయి. సిల్లా అనే పాత కొరియా రాజ్యం కాలం నాటిది. బాగా చదువుకుంటామనీ, విధేయంగా ఉంటామనీ ఇద్దరు యువకులు ఒట్టు పెట్టుకుని చెక్కించారు. అక్షరాలు చైనావి, మాటల వరస మాత్రం కొరియాది. ఈ తరహా రాతే ముదిరి 'ఇదు' అయింది. ప్రత్యయాలు రాయడానికి కొన్ని అక్షరాల అర్థం వదిలేసి శబ్దం మాత్రం వాడుకునేవారు. ఆఫీసు గుమస్తాలు 19వ శతాబ్దం దాకా ఇలాగే కాగితాలు నడిపారు.

పెద్ద కొలువులకు మాత్రం అసలు సిసలు చైనీసే కావాలి. 958లో మొదలైన ప్రభుత్వ పరీక్షలు 1894 దాకా అందులోనే జరిగాయి. ఈ మధ్యలోనే సేజోంగ్ రాజు 1443లో, ఇప్పుడు హాంగుల్ అంటున్న 28 అక్షరాల కొత్త లిపి తయారుచేసి, 1446లో ప్రకటించాడు. చ్వే మల్లి అనే పండితుడు 1444లోనే అభ్యంతరం చెప్పాడు: సొంత లిపి పెట్టుకునేది మంగోలులు, జపాన్‌వాళ్ల లాంటి అనాగరికులేనట! సేజోంగ్‌తోనే హంజా పని అయిపోయిందన్నట్టు కథ చెబుతుంటారు గానీ, అది నిజం కాదు. హాంగుల్ ఆ తర్వాత నాలుగు శతాబ్దాలకు పైగా ఎక్కువగా ఆడవాళ్ల ఉత్తరాల్లో, కథల్లో, బౌద్ధ గ్రంథాల అనువాదాల్లో బతికింది.

1894 సంస్కరణలతో దానికి ప్రభుత్వ హోదా వచ్చింది. 1896లో పూర్తిగా హాంగుల్‌లో ఒక పత్రిక మొదలైంది. అయినా రెండు లిపులూ కలిపి రాసే అలవాటు పోలేదు. 1948 చట్టం ప్రభుత్వ పత్రాలు హాంగుల్‌లోనే ఉండాలంటూనే, ప్రస్తుతానికి పక్కన హంజా రాసుకోవచ్చని సందు వదిలింది. దక్షిణ కొరియా అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ 1970లో పాఠ్యపుస్తకాల నుంచి హంజాను తీసేయించాడు. గొడవ కావడంతో రెండేళ్లకే మిడిల్, హైస్కూళ్ల కోసం 1,800 అక్షరాల జాబితా వచ్చింది. ఇక పూర్తిగా హాంగుల్‌లోనే అచ్చయ్యే హంక్యోరె దినపత్రిక 1988లో మొదలైంది.

లిపి పోయినా మాటలు పోలేదు. నిఘంటువులో సగానికి పైగా చైనీస్ మూలం ఉన్నవే. టైమ్ చెప్పేటప్పుడు కూడా గంటలకు దేశీయ అంకెలు, నిమిషాలకు చైనీస్ అంకెలు వాడతారు.

ప్రభుత్వ పత్రాలను హాంగుల్‌లో రాయాలన్న నియమాన్ని 2016లో రాజ్యాంగ న్యాయస్థానం సమర్థించింది. ప్రాథమిక పాఠ్యపుస్తకాల్లో హంజాను మార్జిన్‌లో వేయాలన్న విద్యాశాఖ ఆలోచన కూడా అటకెక్కింది. హంజా నేర్పితే అంతా సర్దుకుంటుందన్న వాదన నాకు సగమే నిజమనిపిస్తుంది. 2020లో వరసగా మూడు రోజులు సెలవులు వచ్చినప్పుడు 'సాహుల్' అంటే నాలుగు రోజులనుకుని చాలామంది తికమకపడ్డారు. చైనీస్ అంకెల్లో నాలుగును 'సా' అంటారు మరి. కానీ 'సాహుల్' అచ్చమైన కొరియా మాట, దానికి అర్థం మూడు రోజులు. దాన్ని రాయడానికి హంజాయే లేదు.