కాన్పు కుట్ల నొప్పికి లేజర్ వెలుగు

నార్మల్ డెలివరీ అయిన మర్నాడు బాలింత మంచం మీద ఎలా కూర్చుంటుందో ఒకసారి గమనించండి. బరువంతా ఒక తుంటి మీద వేసి, చేతిని పరుపుకి ఆన్చి, అంచున ఒరిగి కూర్చుంటుంది. బాత్రూంకు వెళ్తే కుట్లకు మూత్రం తగిలి భగ్గున మంట. చూడ్డానికి వచ్చినవాళ్ళు "పాలు పడ్డాయా? ఎవరి పోలిక?" అని అడుగుతారు. "కూర్చోగలుగుతున్నావా అమ్మా?" అని అడిగేవాళ్ళు చాలా తక్కువ. ఆ కుట్ల నొప్పిని లేజర్ వెలుగు తగ్గిస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

యోనికీ మలద్వారానికీ మధ్య ఉండే భాగాన్ని పెరీనియం అంటారు. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు అక్కడి చర్మమూ కండరాలూ సాగుతాయి, చాలాసార్లు చీరుకుంటాయి. బ్రిటన్ ప్రసూతి వైద్యుల లెక్క ప్రకారం తొలి కాన్పులో పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఎంతో కొంత చీరుడు ఉంటుంది. కొన్నిసార్లు డాక్టరే కత్తెరతో కోత పెడతారు. అదే ఎపిసియోటమీ. ఈ కోత అందరికీ అలవాటుగా పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. నొప్పి తగ్గించే మార్గాల్లో మొదటిది అసలు అక్కర్లేని కోత పెట్టకపోవడమే అని నా అభిప్రాయం.

ఇక లేజర్ సంగతి. ఇక్కడ వాడేది కోసే లేజర్ కాదు, చర్మం మీద పెట్టినా వేడి దాదాపు తెలియని బలహీనమైన వెలుగు. దీని కథ బుడాపెస్ట్‌లో మొదలైంది. లేజర్ వల్ల కేన్సర్ వస్తుందేమో చూద్దామని 1967లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టర్ ఎలుకల వీపు మీద వెంట్రుకలు గొరిగి రూబీ లేజర్ వేశాడు. కేన్సర్ రాలేదు కానీ, లేజర్ తగిలిన ఎలుకలకు వెంట్రుకలు త్వరగా మొలిచాయి. గాయాలు కూడా ఇలాగే త్వరగా మానుతాయా అన్న ఆలోచన అక్కడ పుట్టింది.

కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాల్లో ఒక ఎంజైమ్ ఉంది. ఎరుపు వెలుగునూ, దాని పక్కనే కంటికి కనిపించని పరారుణ వెలుగునూ అది పీల్చుకుంటుంది. దాంతో కణానికి శక్తి పెరిగి, వాపు తగ్గి, గాయం మానడం సులువవుతుందని ఎక్కువగా చెప్పే వివరణ. ఇది ఊరికే చెప్పే మాట కాదు. కేన్సర్ చికిత్సలో నోరు పుండ్లు పడేవాళ్ళకు ఈ వెలుగు మేలు చేస్తుందని గట్టి ఆధారాలున్నాయి.

నోట్లో పనిచేసింది కుట్ల దగ్గర పనిచేస్తుందా? బ్రెజిల్ పరిశోధకులు ఓపిగ్గా పరీక్షించారు. 2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఎపిసియోటమీ అయిన 54 మంది తల్లులను రెండు గుంపులు చేసి, కాన్పయిన తొలి రెండు రోజుల్లో మూడుసార్లు చికిత్స ఇచ్చారు. ఒక గుంపుకి నిజం లేజర్, రెండో గుంపుకి వెలుగు రాని ఉత్తుత్తి లేజర్. ఎవరికి ఏది వేశారో తల్లికీ తెలియదు, గాయాన్ని చూసి మార్కులు వేసేవాళ్ళకీ తెలియదు. చివరికి నొప్పిలోనూ, మానడంలోనూ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఉత్తుత్తి లేజర్ ఎందుకంటే, కుట్ల నొప్పి మొదటి వారంలో చాలామందికి దానంతటదే తగ్గుతూ వస్తుంది. రోజూ ఏదో ఒకటి చేస్తే, తగ్గడం దానివల్లే అనిపిస్తుంది. పక్కన పోల్చడానికి ఇంకో గుంపు లేకపోతే డాక్టరు కూడా అలాగే అనుకుంటారు. అందుకే "మా దగ్గర వేయించుకున్న అందరికీ తగ్గింది" అన్న మాట నాకు సరిపోదు.

ఇంకో లేజర్‌తో దీన్ని కలపకండి. యోని బిగుతు కోసమని కొన్ని క్లినిక్‌లు అమ్మే లేజర్ కణజాలాన్ని వేడిచేసేది. దానివల్ల కాలిన గాయాలు, మచ్చలు, తగ్గని నొప్పి వచ్చాయని మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2018 జులైలో హెచ్చరించింది. పచ్చి బాలింతకు అది చూపించి డబ్బు గుంజడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు. అయితే అల్సర్, ఆస్తమా, బీపీ లాంటివి ఉంటే డాక్టరుకి ముందే చెప్పాలి. పల్చటి గుడ్డలో చుట్టిన ఐస్‌ని పది నిమిషాలు పెడితే వాపు దగ్గర హాయిగా ఉంటుంది. మూత్రానికి వెళ్ళినప్పుడు మగ్గుతో గోరువెచ్చని నీళ్ళు పోసుకుంటూ ఉంటే మంట చాలా తగ్గుతుంది.

మన ఇళ్ళల్లో ఒక సంగతి మాత్రం మారాలి. బాలింతకు పథ్యమని నీళ్ళు తగ్గిస్తారు, కూరలు మానిపించి కారప్పొడి అన్నమే పెడతారు. దాంతో మలబద్ధకం వచ్చి, ముక్కినప్పుడల్లా కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. ఆమెకి దాహం తీరా నీళ్ళు, ఆకుకూర, పండు కావాలి.

రోజులు గడిచేకొద్దీ నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చెడు వాసన ఉన్నా, కుట్లు విడినట్టు కనిపించినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. గ్యాస్ గానీ మలం గానీ తెలియకుండా జారిపోతుంటే లోపలి కండరం చిరిగి ఉండొచ్చు. సిగ్గుతో దాన్ని ఏళ్ళ తరబడి దాచుకునే తల్లులున్నారు. అది బాగుచేయగలిగేదే, డాక్టరుకి ఆ మాటే చెప్పాలి.