మెదడు కణితుల లెక్కలో మన జిల్లాల పిల్లలు

పొద్దున లేవగానే వాంతి. కాసేపటికి తేరుకుని పిల్లవాడు బడికి వెళతాడు. మర్నాడూ అదే వరస. దేవరకొండలోనైనా అచ్చంపేటలోనైనా ఇంట్లో ముందుగా వినిపించే మాట పైత్యం, తర్వాత దిష్టి, ఆపైన నులిపురుగులు. తలనొప్పి అంటే కళ్లద్దాలు. అసలు కారణం మెదడులో ఉండొచ్చని ఎవరికీ తట్టదు. చిన్నమెదడులో పెరిగే గడ్డ అక్కడి ద్రవం పారే దారికి అడ్డుపడుతుంది. రాత్రంతా పడుకోవడంతో తలలో ఒత్తిడి పెరిగి తెల్లవారేసరికి వాంతి రూపంలో బయటపడుతుంది. నడక తూలాక గానీ హైదరాబాద్ బస్సు ఎక్కరు.

పిల్లల్లో రక్త క్యాన్సర్ తర్వాత ఎక్కువగా కనిపించేవి మెదడు కణితులే. వాటిలో ముఖ్యమైన, చిన్నమెదడులో పుట్టే మెడుల్లోబ్లాస్టోమాకు 1925లో అమెరికా వైద్యులు బెయిలీ, కుషింగ్ పేరు పెట్టారు. మనిషి బతికుండగా మెదడు లోపలికి తేటగా చూడటం మాత్రం 1971లో, లండన్‌లో తీసిన తొలి సీటీ స్కాన్‌తోనే మొదలైంది. 1980ల మధ్యలో అమెరికాలో పిల్లల మెదడు కణితుల కేసులు ఉన్నట్టుండి పెరిగాయి. అవి ఎమ్మారై వాడుకలోకి వచ్చిన రోజులు. జబ్బు పెరగలేదు, కనిపెట్టడం పెరిగిందని పరిశోధకులు తేల్చారు.

ఇక్కడ కనిపెట్టినా లెక్కకు ఎక్కదు. దేశవ్యాప్త క్యాన్సర్ నమోదు కార్యక్రమం 1981లో మొదలైతే, హైదరాబాద్ రిజిస్ట్రీ (క్యాన్సర్ రోగుల నమోదు పట్టిక) లెక్కలు 2014 నుంచి, అవీ ఆ జిల్లాకే. రిజిస్ట్రీ చూసేది వైద్యం జరిగిన చోటును కాదు, చిరునామాను. కల్వకుర్తి పిల్లవాడికి నగరంలో ఆపరేషన్ జరిగినా నగరం లెక్కలోకి రాడు; సొంత జిల్లాకేమో రిజిస్ట్రీయే లేదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. దాంతో పేదలకు పెద్దాసుపత్రి గడప దొరికింది. కానీ బిల్లుల దస్త్రం రోగాల పట్టిక కాదు కదా.

అంకె లేని చోట అనుమానం పెరుగుతుంది. నల్లగొండలో మొదటి వేలు ఫ్లోరైడ్ నీళ్లవైపే. ఎముకలను, పళ్లను అది ఎలా పాడుచేసిందో ఊరూరా కనబడుతూనే ఉంది. మెదడు కణితితో ముడిపెట్టే ఆధారం లేదు. సెల్‌ఫోన్‌పై నాలుగు ఐరోపా దేశాల్లో జరిగి 2011లో వెలువడిన అధ్యయనమూ పిల్లల్లో సంబంధం చూపలేదు. గట్టిగా రుజువైంది రేడియేషన్. ఇజ్రాయెల్‌లో తల తామరకు ఎక్స్‌రే వైద్యం పొందిన పిల్లల్లో ఏళ్ల తర్వాత కణితులు బయటపడ్డాయి. కొన్ని వంశపారంపర్య జబ్బులు మరో కారణం. మిగిలిన ఎక్కువ కేసుల్లో కారణం ఎవరికీ దొరకలేదు. గుక్కెడు బోరునీళ్లు తాగించానని కుమిలిపోయే తల్లికి డాక్టరు ముందుగా చెప్పాల్సింది ఇదే.