వీఆర్ హెడ్‌సెట్‌తో ఆఫీసులో జాతి వివక్ష పోతుందా? అపోహలు – వాస్తవాలు

అపోహ: వీఆర్‌లో (హెడ్‌సెట్‌లో కనిపించే కంప్యూటర్ లోకంలో) నల్లజాతి అవతార్ (మనకు బదులు కనిపించే శరీరం) ధరించి పది నిమిషాలు గడిపితే పక్షపాతం తగ్గిపోతుంది.

వాస్తవం: తగ్గొచ్చు, పెరగనూ వచ్చు. 2013లో పరిశోధకులు టాబిథా పెక్, మెల్ స్లేటర్ బృందం చేసిన ప్రయోగంలో అలాంటి అవతార్ ధరించిన శ్వేతజాతీయుల్లో అంతర్లీన పక్షపాతం (మనకే తెలియకుండా మనసులో ఉండేది) తగ్గింది. అంతకుముందు 2009లో గ్రూమ్, బెయిలెన్సన్, నాస్ అనే పరిశోధకులు ఉద్యోగ ఇంటర్వ్యూ దృశ్యంతో ప్రయత్నిస్తే అదే పక్షపాతం పెరిగింది. శరీరం మార్చినంత మాత్రాన సరిపోదు, చుట్టూ ఏం జరుగుతోందన్నదే కీలకమని మా అభిప్రాయం.

అపోహ: దృశ్యంలో ఎవరో ఒకరు అవమానించాలి, అప్పుడే వివక్ష అర్థమవుతుంది.

వాస్తవం: ఈ పొరపాటు శిక్షణను పాడుచేయొచ్చు. అవమానించేవాణ్ణి చూపిస్తే చూసేవాళ్లు "నేను అలాంటివాణ్ణి కాదు" అనుకుని హెడ్‌సెట్ తీసేస్తారు. వ్యవస్థాగత వివక్షకు దుర్మార్గుడు అక్కర్లేదు, నిబంధన చాలు. డ్యూక్ పవర్ కంపెనీ పనితో సంబంధం లేని హైస్కూల్ సర్టిఫికెట్, పరీక్షలు పెట్టి నల్లజాతి వారిని వడకట్టిందని 1971లో అమెరికా సుప్రీంకోర్టు గ్రిగ్స్ కేసులో తప్పుబట్టింది.

అందుకే మేనేజర్‌ను బాధితుడి కుర్చీలో కాదు, నిర్ణయం తీసుకునే కుర్చీలో కూర్చోబెట్టండి. బల్ల మీద 12 రెజ్యూమెలు, ఒక్కోదానికి 40 సెకన్లు. వాటిలో రెండు జతలకు అర్హతలు ఒకటే, పేర్లే వేరు: ఒకటి శ్వేతజాతి వారి పేరులా, ఇంకొకటి నల్లజాతి వారి పేరులా అనిపించాలి. తిరస్కరించిన ప్రతిసారీ "ఎందుకు వద్దు?" గడి నింపాలి. చివర్లో ఆ గడులన్నీ గోడ మీద పక్కపక్కనే వేసి చూపండి. "టీమ్‌లో ఇమడడేమో" అన్న కారణం ఏ పేర్ల ఎదుట పడిందో అక్కడే కనిపిస్తుంది.

అపోహ: హెడ్‌సెట్ అందరికీ ఒకేలా సరిపోతుంది.

వాస్తవం: ఒత్తయిన జడలు, ఆఫ్రో జుట్టు ఉన్నవారికి గట్టి పట్టీలు కూర్చోవు. వదులు చేసుకోగల మెత్తటి పట్టీలు ముందే తెచ్చిపెట్టండి.

అపోహ: సెషన్ తర్వాత సర్వేలో మంచి మార్కులొస్తే పని జరిగినట్టే.

వాస్తవం: నియామకాల లెక్క చూడండి. శ్వేతజాతి అభ్యర్థుల్లో 100కి 60 మంది, నల్లజాతి వారిలో 100కి 40 మంది ఎంపికైతే నిష్పత్తి (40 ÷ 60) 0.67. అమెరికా ప్రభుత్వ మార్గదర్శకాల్లో 1978లో చేర్చిన 'ఐదింట నాలుగు వంతుల' ప్రమాణం ప్రకారం 0.8 కంటే తక్కువైతే ఆ పద్ధతిని అనుమానించాలి. వడపోత, ఇంటర్వ్యూ, ప్రమోషన్లకు లెక్క విడివిడిగా వెయ్యండి. అభ్యర్థులు ఐదారుగురే ఉంటే ఒక్కరితో అంకె తారుమారవుతుంది, అలాంటప్పుడు కొన్ని నెలలవి కలిపి చూడండి.