ట్రెవిథిక్ ఇంజను విఫలమైందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆవిరి బాయిలర్ల మరమ్మతు నా వృత్తి. మా పనికి ఆద్యుడైన ఇంగ్లండ్ ఇంజనీరు రిచర్డ్ ట్రెవిథిక్ గురించి తప్పు మాటలు విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అపోహ: రైలింజను కనిపెట్టింది జార్జ్ స్టీఫెన్‌సన్.

వాస్తవం: స్టీఫెన్‌సన్ తొలి ఇంజను 1814 నాటిది. అంతకు పదేళ్ళ ముందే, 1804 ఫిబ్రవరి 21న, వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కర్మాగారం నుంచి ట్రెవిథిక్ ఇంజను 10 టన్నుల ఇనుమునూ, 70 మంది మనుషులనూ లాక్కుంటూ దాదాపు పది మైళ్ళు నడిచింది. ఇంజను, పట్టా, మార్గం మూడింటినీ కలిపి రైల్వేగా నిలబెట్టిన ఘనత మాత్రం స్టీఫెన్‌సన్‌దే.

అపోహ: జేమ్స్ వాట్ యంత్రానికి చక్రాలు బిగిస్తే రైలింజను అయింది.

వాస్తవం: వాట్ యంత్రం ఆవిరిని చల్లబరిచి, ఏర్పడిన శూన్యంతో పనిచేసేది. దానికి పెద్ద సిలిండరు, కండెన్సరు (ఆవిరిని చల్లబరిచి నీరుగా మార్చే గది), బోలెడు చల్లని నీరు కావాలి. అంత బరువును బండి మీదికి ఎక్కించేదెలా? ట్రెవిథిక్ ఆవిరి పీడనాన్ని బాగా పెంచి, ఆ ఒత్తిడితోనే పిస్టన్‌ను తోయించాడు. వాడిన ఆవిరిని పొగగొట్టంలోకి వదిలాడు. దాంతో కండెన్సరు అవసరం తప్పింది, సిలిండరు చిన్నదైంది. అధిక పీడనం ప్రమాదకరమని వాట్ గట్టిగా వ్యతిరేకించాడు.

అపోహ: పెనిడారెన్ ఇంజను పనికిరాక మూలపడింది.

వాస్తవం: ఇంజను బాగానే లాగింది, నున్నటి చక్రాలు జారిపోతాయన్న భయాన్నీ తీర్చింది. కానీ అప్పటి పట్టాలు పోత ఇనుపవి. పోత ఇనుము పెళుసు, వంగకుండా విరుగుతుంది. సుమారు 5 టన్నుల ఇంజను కింద అవి విరిగిపోతూ వచ్చాయి. అంత సులువుగా విరగని చేత ఇనుముతో పొడవాటి పట్టాలు తయారుచేసే పద్ధతికి జాన్ బర్కిన్‌షా పేటెంటు పొందింది 1820లో. ఆ పట్టాలు ముందే ఉండి ఉంటే ట్రెవిథిక్ 1833లో డార్ట్‌ఫర్డ్‌లో చేతిలో డబ్బు లేకుండా కన్నుమూసేవాడు కాదని నా నమ్మకం.

అపోహ: అతనికి భద్రత పట్టలేదు.

వాస్తవం: 1803లో గ్రీనిచ్‌లో అతని బాయిలరు పేలి నలుగురు చనిపోయారు. తప్పు నడిపినవారిదేనని అతను నమ్మాడు. అయినా ఆ తర్వాత బాయిలర్లకు రెండు సేఫ్టీ వాల్వులు పెట్టాడు, మంట మండే పెట్టె (ఫైర్‌బాక్సు) పైకప్పులో సీసపు ప్లగ్గు కూడా చేర్చాడు. నీటి మట్టం పడిపోతే సీసం కరిగి, ఆ రంధ్రంలోంచి ఆవిరి మంట మీదికి దూకుతుంది. లోహం మెత్తబడి పేలేలోపే మనిషికి హెచ్చరిక అందుతుంది. ఫైర్‌బాక్సులోకి దూరినప్పుడు నేను మొదట టార్చి వేసి చూసేది, పైకప్పులోని ఆ ప్లగ్గునే.